ముందెవరైనా చెయ్యి పెట్టారా?

ఆ వీధిలో బట్ట చిరిగితే ఎవరైనా దర్జీ దగ్గరికి వెళ్తారు. చిరిగిన సంగతి లోకానికి తెలియకూడదనుకునేవాళ్ళు మాత్రం రఫ్ఫత్త దగ్గరికి వెళ్తారు. దర్జీ అతుకు వేస్తాడు, అది అతుకులాగే కనిపిస్తుంది. రఫ్ఫత్త అతుకు వెయ్యదు, రఫ్ఫు చేస్తుంది. అదే బట్ట లోపలి మడతలోంచి నాలుగు పోగులు లాగి, చిరుగు మీద నిలువుపోగు, అడ్డపోగు ఒక్కొక్కటే సూదితో ఎక్కించి, నేతలో నేతగా కలిపేస్తుంది. పని అయ్యాక చిరిగిన చోటు ఎక్కడో సొంతదారుకే దొరకదు. ఒకాయన తన కోటుని మూడుసార్లు తిరగేసి, "ఇది నాది కాదు, నాదానికి చిరుగుంది," అని పోట్లాటకి దిగాడు కూడా. లోపలి జేబులో తన కళ్ళద్దాల గుడ్డ దొరికాక గానీ ఆయన నోరు మూయలేదు.

ముప్పై ఏళ్ళుగా ఆవిడ కొట్టూ, ఇంటి ముందు గదీ ఒకటే. కిటికీ కింద బల్ల, బల్ల మీద మెడ వంచిన దీపం, కమ్మీకి బిగించిన పెద్ద భూతద్దం, బిస్కెట్ల డబ్బాల నిండా దారపు రీళ్ళు. పొద్దున ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం దాకా కిటికీలోంచి ఎండ వచ్చి నేలమీద నలుచదరంగా పడుతుంది. ఆ ఎండ చదరం పిడుగు రాజ్యం. పిడుగంటే ఆవిడ మనవరాలు, ఏడాదిన్నర పిల్ల. నడక నేర్చిన రోజే డబ్బాలన్నీ బోర్లించి ఆ బిరుదు సంపాదించుకుంది. ఖాళీ రీళ్ళు ముందేసుకుని ఎండలో కూర్చుంటుంది. చదరం జరిగేకొద్దీ రీళ్ళతో సహా తనూ జరుగుతుంది. మధ్యాహ్నానికి గది ఆ చివరికి చేరుకుని, ఎండ పోయిందని నాయనమ్మ మీద అలుగుతుంది.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కోడలు తపాలా కార్యాలయంలో ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసే గదిలో పనిచేస్తుంది, ఆరున్నరకల్లా ఇల్లు వదలాలి. అందుకని పిల్ల పగలంతా నాయనమ్మ చేతిలోనే.

రఫ్ఫత్తకి ముక్కుమీద కోపం. పని చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. బట్ట బల్లమీద పడగానే ఆవిడ అడిగే మొదటి మాట ఒక్కటే: "ముందెవరైనా చెయ్యి పెట్టారా?"

అంటే, నా దగ్గరికి తేకముందు ఎవరైనా కుట్టారా, అంటించారా, గోకారా అని. ఎనభై మంది వస్తే ఎనభై మందీ లేదనే అంటారు. అబద్ధం చెప్పడానికి మనుషులకి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, కాస్త మొహమాటం చాలు. అప్పుడు ఆవిడ బట్టని అద్దం కింద పెట్టి, చూసి, "మరి ఈ సూదిపోటు దేవతలు పొడిచారా?" అంటుంది. నిజం ఒప్పుకునేదాకా సూది పట్టదు.

ఆ పట్టుదలకి ఒక కోటు కారణం. ఇరవై ఏళ్ళ కిందట ఒక బడి పంతులుగారు ఉన్ని కోటు తెచ్చారు. మోచేతి దగ్గర చిరుగు పైకి పెద్దగా కనిపించలేదు. "ఎవరూ ముట్టుకోలేదమ్మా," అన్నారాయన నిండుగా. పెద్దమనిషి మాట కదా అని ఆవిడ నమ్మింది. అసలు సంగతేమిటంటే, ఆయనే లోపలివైపు నుంచి జిగురు రాసి అంటించారు. ఇస్త్రీపెట్టె వేడి తగలగానే ఆ జిగురు కరిగి అరచేయంత మేర ఉన్నిలోకి ఇంకిపోయింది. కోటు ఇక పనికిరాలేదు. పంతులుగారు వీధిలో నిలబడి నానా మాటలూ అన్నారు. తిట్లని ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది. పైకి బాగున్నట్టు నటించిన ఆ చిరుగుని మాత్రం మర్చిపోలేదు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఒక సోమవారం పొద్దున పిడుగు కుడికన్ను పుసి కట్టి అంటుకుపోయింది.

కోడలు నీళ్ళు మరిగించి చల్లార్చి, దూదితో తుడిచి, రెప్పలు విడదీసింది. కన్ను ఎర్రగా ఉంది. వీధిలో పిల్లలందరికీ కళ్ళకలక తిరుగుతున్న రోజులు. కోడలు పెద్దగా కంగారు పడలేదు గానీ జాగ్రత్త మనిషి.

"అత్తయ్యా, రెండు గంటలకోసారి ఇలాగే తుడవండి. ఇంకేమీ వెయ్యకండి. సాయంత్రం ఆరింటికి పిల్లల డాక్టరు వస్తారుగా, తీసుకెళ్దాం."

"సరేలే అమ్మాయ్. నీ మొగుణ్ణి పెంచింది నేను కాదూ?"

"అందుకేగా చెప్తున్నా," అని నవ్వి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పొద్దున బాగానే గడిచింది. మధ్యాహ్నం నుంచి పిల్ల ఒకటే ఏడుపు. రెండు పిడికిళ్ళతో కన్ను నులుముకోవడం, చెయ్యి పట్టుకుంటే కిందపడి దొర్లడం. ఎత్తుకుంటే దిగుతానంది, దించితే ఎత్తుకోమంది. రఫ్ఫత్తకి ప్రాణం ఉసూరుమంది. సరిగ్గా అప్పుడే ఆవిడకి తన సీసా గుర్తొచ్చింది.

ఆర్నెల్ల కిందట ఆవిడ పెద్ద కంటాసుపత్రిలో శుక్లం తీయించుకుంది. ఆపరేషన్ అయ్యాక ఎర్రదనం తగ్గడానికి ఇచ్చిన చుక్కల మందు, గులాబిరంగు మూత ఉన్న చిన్న సీసా, సగం మిగిలి అలమరలో ఉంది. ఆ చుక్కలు పడితే తన కంట్లో మంట ఎంత హాయిగా చల్లారేదో ఆవిడకి తెలుసు. అంత పెద్ద ఆసుపత్రి మందు, అంత మంచి మందు, ఊరికే పడుంది కదా. పిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, రెప్ప కిందికి లాగి, ఒక చుక్క వేసింది. ముప్పై ఏళ్ళు సూదిబెజ్జంలో దారం ఎక్కించిన చెయ్యి, గురి తప్పలేదు. అందులో చెడ్డ ఉద్దేశం వెతికినా దొరకదు. దొరికేది ప్రేమ, కాస్త గర్వం.

సాయంత్రానికి ఎరుపు సగం తగ్గింది. కోడలు వచ్చి చూసి, "అరె, నయమైందే!" అంది. కొడుకు, "దానంతటదే పోతుందని నే చెప్పలా?" అన్నాడు, నిజానికి వాడు ఏమీ చెప్పకపోయినా. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేశారు.

రఫ్ఫత్తకి మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కోడలు ఇంకేమీ వెయ్యకండని చెప్పి వెళ్ళింది కదా. చెప్తే ఒక గొడవ. చెప్పకపోతే ఏ గొడవా లేదు, పిల్లకీ తగ్గింది. ఆ మాటని మింగేసి, మంచినీళ్ళు తాగింది. మంగళవారం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మళ్ళీ వేసింది.

బుధవారం తొమ్మిదింటికి ఆవిడ ఒక బూడిదరంగు ప్యాంటు మోకాలు దగ్గర పోగులు లాగుతోంది. కిటికీలోంచి ఎండ పడింది. నేల మీద చదరం ఖాళీగా ఉంది. రీళ్ళున్నాయి, పిల్ల లేదు. వంగి చూస్తే పిడుగు బల్ల కింద, కిటికీకి వీపు పెట్టి, మొహం గోడకి ఆనించుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఎత్తి ఎండలోకి తేగానే కెవ్వుమని మొహాన్ని నాయనమ్మ భుజంలో దాచుకుంది.

ఎండంటే ప్రాణం పెట్టే పిల్ల వెలుగు వద్దంటోంది. రఫ్ఫత్త కిటికీ తలుపు సగం మూసింది. పిల్ల ఏడుపు ఆపాక బల్లమీద కూర్చోబెట్టి, దీపం పక్కకి తిప్పి, వెలుగు నేరుగా కాకుండా వాలుగా పడేలా పెట్టింది. బట్టలో లోపం వెతకాలంటే వెలుగు వాలుగా పడాలి, అప్పుడే గుంట నీడ తేలుతుంది. భూతద్దం దగ్గరికి లాగి చూసింది. తెల్లగుడ్డు మీద ఎరుపు పెద్దగా లేదు. కానీ నల్లగుడ్డు మీద, ఒక పక్కగా, దారం తెగిన చోట నిలబడే నూగంత తెల్లటి చుక్క.

ఆవిడకి డాక్టరు చదువు లేదు, ఆ చుక్క పేరేమిటో తెలియదు. కానీ పైన బాగుండి లోపల పెరిగే చిరుగు ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అలమర వైపు చూసింది. ఉన్ని కోటు, కరిగిన జిగురు, అరచేయంత మరక కళ్ళముందు మెదిలాయి.

తర్వాత లేచి, తపాలా కార్యాలయానికి ఫోన్ చేసి కోడల్ని రమ్మంది. కొడుక్కీ చేసింది. ప్యాంటు మడిచి పక్కన పెట్టింది. మాటిచ్చిన రోజుకి పని అందించకపోవడం ముప్పై ఏళ్ళలో, ఆ ఉన్ని కోటు తర్వాత, అది రెండోసారి.

పదిన్నరకల్లా ఇద్దరూ వచ్చారు. కొడుకు భుజాన పనిముట్ల సంచి కూడా దించలేదు. ఎదురుగా ఉన్న మందుల షాపాయన ఇంట్లో హడావుడి చూసి, చేతిలో ఒక చుక్కల సీసాతో గడప దాటి వచ్చాడు. మంచివాడు, సాయానికి పిలవక్కర్లేదు, ఆ మాటకొస్తే ఆపడమే కష్టం.

"ఏం భయం లేదు పిన్నిగారూ. ఈ నెలలో మన వీధిలో పదిమంది పిల్లలకి ఇవే చుక్కలిచ్చా. అందరికీ తగ్గింది."

"ఇంత మందుల షాపు మన ముందే ఉండగా..." అని మొదలుపెట్టాడు కొడుకు.

"నువ్వుండరా," అంది రఫ్ఫత్త. "పెద్ద కంటాసుపత్రికి తీసుకెళ్దాం. పదకొండింటికి బస్సుంది. రెండింటిదాకా చీటీలిస్తారు."

"రెండు గంటల ప్రయాణమమ్మా! ఈ ఎండలో, పసిపిల్లతో. అక్కడ లోకంలోని కళ్ళరోగాలన్నీ ఒకే బెంచీమీద కూర్చుంటాయి. సాయంత్రం పిల్లల డాక్టరు వస్తాడు, పుట్టినప్పట్నుంచీ దీన్ని చూస్తున్న మనిషి. రెండురోజులు దానంతటదే తగ్గిందిగా, ఇవాళ కాస్త తిరగబెట్టింది. అంతే."

దానంతటదే. ఆ మాట సూది దిగినట్టు దిగింది. వాడి లెక్కలో తప్పేమీ లేదు. దానంతటదే తగ్గిన రోగానికి సాయంత్రం దాకా ఆగవచ్చు. ఆ లెక్క మొత్తం నిలబడింది ఒక అబద్ధం మీదని గదిలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. నోరు తెరిచింది. కోడలు పిల్లని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. చెప్పాలనుకున్న మాటకి బదులుగా ఇంకో మాట వచ్చింది.

"నల్లగుడ్డు మీద చుక్కుంది. నా అద్దంలో చూశాను."

"నీ అద్దంలో దోమ కూడా ఏనుగులా కనిపిస్తుందమ్మా."

"అయితే ఎడమకన్ను కూడా అదే అద్దంలో చూడు. దోమ అక్కడ లేదేం?"

రఫ్ఫత్త మందుల షాపాయన వైపు తిరిగింది. "నువ్వు పిల్లని చూశావా?"

"చూడాలా పిన్నిగారూ, కలకేగా..."

"చూడు."

ఆయన వంగి అద్దంలోంచి చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, సీసాని జేబులో వేసుకున్నాడు. "ఇది నా పని కాదు పిన్నిగారూ. బస్సు పోకముందే బయల్దేరండి," అన్నాడు. మందులమ్ముకునే మనిషి మందు వెనక్కి పెట్టుకున్నాడంటే అది చిన్న విషయం కాదు, ఆ వీధి తరఫున ఆయనకొక దణ్ణం పెట్టాలి.

కోడలూ అద్దంలోకి చూసింది. చూసి, పిల్ల గుడ్డలు రెండు సంచిలో కుక్కుకుంటూ, "పదండి అత్తయ్యా," అంది.

కొడుక్కి ఎక్కడో లిఫ్టులో ఇద్దరు మనుషులు ఇరుక్కున్నారని అదేపనిగా ఫోన్లొస్తున్నాయి. వాళ్ళని విడిపించి సాయంత్రానికి వస్తానన్నాడు. బయల్దేరేముందు రఫ్ఫత్త అలమర తలుపు తీసి, గులాబి మూత సీసాని తన చేతిసంచిలో అడుగున వేసుకుంది. ఎందుకు వేసుకుందో అప్పుడు అడిగితే ఆవిడే చెప్పలేకపోయేది.

బస్సులో పిల్లకి వెలుగు తగలకుండా శాలువా అడ్డం పట్టుకుని కూర్చుంది. రెండు గంటలూ చెయ్యి దించలేదు. సగం దారిలో కోడలు ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "మీరు చూశారు కాబట్టి సరిపోయింది అత్తయ్యా. నేనైతే సాయంత్రం దాకా ఆగేదాన్నే," అంది.

కోడళ్ళు అత్తల్ని మెచ్చుకోవడం రోజూ జరిగే సంగతి కాదు. ఆ మెప్పు ఇంకెప్పుడైనా వస్తే రఫ్ఫత్త వారం రోజులు వీధంతా చెప్పుకునేది. ఇప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఊఁ," అంది.

ఆసుపత్రిలో చీటీ రాయించుకుని, పొడుగాటి వరండాలో బెంచీల మీద గంటసేపు కూర్చున్నాక పిలుపొచ్చింది. చీకటిగది, గడ్డం ఆనించి చూసే యంత్రం, దాని వెనక చిన్న వయసు డాక్టరమ్మ. పిల్లని దుప్పట్లో చుట్టి, కోడలు ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. తల కదలకుండా పట్టుకునే పని రఫ్ఫత్తకి పడింది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కుర్చీ వెనక్కి జరిపి, కలం తీసింది.

"నల్లగుడ్డు మీద పుండు పడింది. కలక ఉన్నప్పుడు గోరు గీరుకుని ఉండొచ్చు. ఎన్నాళ్ళయింది?"

"సోమవారం నుంచండీ."

"ఇక్కడికి రాకముందు ఎవరైనా కంట్లో ఏమైనా వేశారా? చుక్కలు, తేనె, పాలు, ఏదైనా?"

"ఏమీ లేదండీ," అంది కోడలు తడుముకోకుండా. "మరగకాచిన నీళ్ళతో తుడిచామంతే. మధ్యలో దానంతటదే తగ్గింది కూడా."

డాక్టరమ్మ కలం కాగితం మీద కదిలింది.

తన ప్రశ్న. ముప్పై ఏళ్ళుగా తను బల్లకి ఇటువైపు కూర్చుని, ఎదుటివాళ్ళ మొహంలోకి గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్న. బల్లకి అటువైపు నిలబడితే కాళ్ళకింద నేల ఇలా ఉంటుందని రఫ్ఫత్తకి ఇన్నాళ్ళూ తెలియదు. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఆ పని పాపం తెలియక కోడలే చేసిపెట్టింది. పంతులుగారు కూడా ఇలాగే, ఇంత సులువుగానే, ఎవరూ ముట్టుకోలేదమ్మా అన్నారు. పాడైంది ఆయన కోటు. ఇక్కడ బల్లమీద ఉన్నది కోటు కాదు.

ఆవిడ ఒక చేత్తో పిల్ల తల వదలకుండానే, రెండో చెయ్యి సంచిలో పెట్టి, సీసాని తీసి బల్లమీద పెట్టింది.

"నేను వేశానమ్మా. సోమవారం మధ్యాహ్నం ఒకసారి, మంగళవారం రెండుసార్లు. ఒక్కో చుక్క. ఇవాళ వెయ్యలేదు. నా ఆపరేషన్‌కి మీరే ఇచ్చిన మందు, ఆర్నెల్ల కిందట మూత తీసింది. ఈ అమ్మాయికి తెలియదు. ఏమీ వెయ్యొద్దనే చెప్పి వెళ్ళింది."

కలం ఆగింది. డాక్టరమ్మ సీసా ఎత్తి దీపం దగ్గర పెట్టి చదివింది. కోడలు అత్త మొహంలోకి చూసింది. ఆ చూపుని రఫ్ఫత్త తప్పించుకోలేదు.

"ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "ఆపరేషన్ చేసిన కంటికి మంచిది. కంట్లో సూక్ష్మక్రిములున్నప్పుడు వేస్తే పైన ఎరుపుని అణిచేస్తుంది, లోపల క్రిములు బలుస్తాయి. చూసేవాళ్ళకి తగ్గినట్టుంటుంది, పుండు లోపలికి తొలుచుకుపోతుంది. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి వెయ్యకూడదు. మూత తీసి నెల దాటితే మీ కంట్లో కూడా వెయ్యకూడదు." ఆ తర్వాత ముందు రాసింది కొట్టేసి, కింద వేరే రాసింది. "ఇంత తక్కువ ఎరుపు చూసి చిన్నదేననుకుని ఇంటికి పంపేదాన్ని. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంచుకుంటా. పుండు మీంచి కాస్త గీరి పరీక్షకి పంపాలి. చెప్పారు కాబట్టి దారి తెలిసింది."

గీరేటప్పుడు మత్తుచుక్కలు వేసినా పిల్ల గింజుకుంది. ఆ ఐదు నిమిషాలూ తల వెంట్రుకవాసి కదలకుండా పట్టుకున్నది రఫ్ఫత్త చేతులే. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, చేతులు మాత్రం రాయి. "ఎవరమ్మా ఈవిడ, ఇంత నిబ్బరంగా పట్టుకున్నారు?" అని నర్సు అడిగితే కోడలు మొహం పక్కకి తిప్పుకుంది.

సాయంత్రం కొడుకు వచ్చాడు. కోడలు అతనికేమీ చెప్పలేదు. చెప్పనిది మంచితనం వల్లో, కోపం ఎక్కువై మాట రాకపోవడం వల్లో తెలియదు. రఫ్ఫత్త ఆ లాభం కూడా ఉంచుకోలేదు. వరండాలో కొడుకు చెయ్యి పట్టుకుని, "ఒరే, అది దానంతటదే తగ్గలేదు. నేను మందేశాను. దాచాను," అంది. వయసు మీద పడిందనీ, తెలియక చేశాననీ, పిల్ల ఏడుపు చూడలేకపోయాననీ తోక తగిలించలేదు. తప్పు ఒప్పుకునేవాళ్ళని చాలామందిని చూస్తాం. తప్పుని ఒప్పుకుని, దాని పక్కన తమ గొప్పని నిలబెట్టనివాళ్ళు ఎక్కడోగానీ కనపడరు.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. గంటకోసారి చుక్కలు. అన్నీ కోడలే వేసింది. అత్త సీసా అందుకోబోతే, "నేను వేస్తాలెండి," అనేది, గొంతు పెంచకుండానే. రఫ్ఫత్త పిల్ల గుడ్డలు ఉతికి ఆరేసేది, వరండాలో బెంచీమీద కూర్చుని మడిచేది. ఒక మధ్యాహ్నం కోడలు ఫోన్లో ఎవరితోనో, తపాలా కార్యాలయం పక్కనున్న పిల్లల సంరక్షణ కేంద్రంలో ఖాళీ ఉందా అని అడగడం విన్నది. మడుస్తున్న గుడ్డని విప్పి మళ్ళీ మడిచింది. వద్దనే హక్కు పోగొట్టుకున్నానని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆరోరోజు డాక్టరమ్మ, పుండు మానుతోందంది. మచ్చ సన్నగా మిగులుతుంది, కానీ చూపుకి అడ్డం రాని చోట, పక్కకి ఉంది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే నడిమధ్యకి పాకేదని కూడా చెప్పింది. ఇంటికెళ్ళి రెండు గంటలకోసారి మందు వెయ్యాలి, వారానికోసారి తెచ్చి చూపించాలి. రఫ్ఫత్త వరండాలో స్తంభం చాటుకి వెళ్ళి, బిగపట్టుకున్న ఏడుపంతా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

కోడలి సెలవు అయిపోయింది. ఆ మరునాడు పొద్దున ఆరింటికి రఫ్ఫత్త లేచి, పిల్ల సంచి సర్దింది. గుడ్డలు, పాలసీసా, మందు సీసా, నాలుగు ఖాళీ రీళ్ళు. రీళ్ళు అక్కడ పెట్టుకోనిస్తారో లేదో అనుకుంటూనే పెట్టింది. సంచిని గుమ్మం పక్కన ఆనించి నిలబడింది.

కోడలు చెప్పులు వేసుకుంటూ ఆ సంచిని చూసింది.

"ఇదెందుకు?"

"ఆ కేంద్రంలో దింపుతావు కదమ్మాయ్."

కోడలు ఒక చెప్పుతోనే నిలబడిపోయింది. "నాలుగు చోట్ల అడిగాను అత్తయ్యా," అంది. "పొరపాటున మందు తప్పితేనో, వేరేది పడితేనో ఏం చేస్తారని అడిగాను. నలుగురూ ఒకటే చెప్పారు, మా దగ్గర అసలు పొరపాటే జరగదు అని." సంచిలోంచి మందు సీసా తీసి, అత్త చేతిలో పెట్టి, ఆ చేతిని మూసింది. "నాకు భయమేసింది. పొరపాటు జరిగితే జరిగిందని చెప్పే మనిషి కావాలి నాకు. మన ఇంట్లో ఒకరున్నారు."

రఫ్ఫత్త సీసాని గుప్పిట్లో ఉంచుకునే, సంచిలోంచి రీళ్ళు తీసి నేలమీద పెట్టింది.

"రెండు గంటలకోసారి," అంది కోడలు, ఒక తెల్లకాగితం అందించి, రెండో చెప్పు వెతుక్కుంటూ. "వేసినప్పుడల్లా ఈ కాగితం మీద గీత పెట్టండి. మర్చిపోతే మర్చిపోయానని రాయండి. కోపం మాత్రం నాకింకా పోలేదు, అది కూడా చెప్తున్నా."

"ఉంచుకో అమ్మాయ్, ఉండాలి," అంది రఫ్ఫత్త.

నెల తిరిగేసరికి పిడుగు బల్ల కిందనుంచి మెల్లగా ఎండ చదరంలోకి వచ్చింది. మొదట కాళ్ళు, తర్వాత రీళ్ళు, చివరికి మొహం. గోడకి అంటించిన కాగితాల మీద గీతలు వరసగా ఉన్నాయి. రెండు చోట్ల మాత్రం గీత లేదు. అక్కడ పెద్ద పెద్ద అక్షరాలతో, "ఆలస్యం, అరగంట" అని ఒకచోట, "నిద్రపోయాను" అని ఇంకోచోట రాసి ఉంది.

ఒకరోజు ఒక పెద్దమనిషి కోటు తెచ్చి బల్లమీద పరిచాడు. రఫ్ఫత్త అద్దం కిందకి లాక్కుని, "ముందెవరైనా చెయ్యి పెట్టారా?" అంది.

"అబ్బే, ఎవరూ..." అన్నాడాయన.

పాత రఫ్ఫత్త అయితే దేవతలు పొడిచారా అని మొదలుపెట్టేది. ఇప్పుడు తల ఎత్తి, ఆయన్ని కాసేపు చూసింది. ఎండలో కూర్చున్న మనవరాల్ని చూసింది.

"చెప్పండి, ఏమీ అనను. నేనూ ఒకసారి పెట్టాను," అంది.

ఆయన తలుపు వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి, "చిరుగు సాగకుండా మా అమ్మాయి గోళ్ళరంగు పూశానండీ, లోపలివైపు," అన్నాడు.

"మంచిది, కూర్చోండి," అని ఆవిడ దీపం వాలుగా తిప్పుకుంది.